గాడిచర్లవారు - వోటు

కర్నూలు గ్రంథాలయమున ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్న 23 ఏండ్ల పట్టభద్రు డొకడు ఇటీవల మాతో మాటలాడుచు, వోటర్ల జాబితాలో తన పేరు లేదనియు, చేర్పించుకొనవలెనన్న తలంపు కూడ తనకు లేదనియు చెప్పెను. ఆ మాట చెప్పుటలో అతనికి సిగ్గు లేదు, అహంకారమును లేదు. ఈ యేడు వాన రాలేదని చెప్పినట్లు చెప్పెను. ఏ పక్షము గెలిచినను తన యూరికి వచ్చు నీరు అంతేయట. వోట్లు కొనువారు కొనుచుందురు, అమ్ముకొనువారు అమ్ముకొనుచుందురు, నడుమ తన యొక్క వోటుచేత తారుమారగున దేమియు లేదట. మేము వాదింపలేదు. ఈ గ్రంథాలయముల కొరకు జీవితము ధారపోసిన కర్నూలు మనిషి నెరుగుదువా యని మాత్రము అడిగితిమి. ఎరుగననెను. ఆ తప్పు అతని దొక్కనిదే కాదు. ఆ పేరును పాఠ్యపుస్తకములో రెండు వాక్యములకు కుదించిన పెద్దలది గూడ. అందుచేత గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితమును నేడు ముచ్చటింప దలచితిమి.

హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. తండ్రి వెంకటరావుగారు, తల్లి భాగీరథీబాయిగారు. పూర్వులది కడప జిల్లా సింహాద్రిపురము. కావున ఈ రెండు జిల్లాలును ఆయనను తమవాడని చెప్పుకొనవచ్చును. ఆయన పుట్టునాటికి ధాత కరువు ముగిసి ఐదేండ్లు మాత్రమే యైనది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కరువు ఈ సీమను తుడిచిపెట్టెను. 1871 నాటి జనాభా లెక్కతో 1881 నాటి లెక్కను పోల్చిచూచినచో కర్నూలు జిల్లాలో ఇంచుమించు నాలుగవ వంతు జనము కానరారు. కరువు పనులలో రాళ్ళు కొట్టు కూలికి రోజుకు ఒకటిన్నర పౌనుల ధాన్యపు లెక్కన ఇచ్చుచుండగా, సర్ రిచర్డ్ టెంపుల్ అను దొరవారు వచ్చి దానిని ఒక పౌనుకు తగ్గించిరి. ఆకలిగొన్న మనిషికి ఎంత గింజ చాలునో కొలత నిర్ణయించిన ఆ దొరను ఏమని అడుగుటకును, మరునాడు ఆ పదవినుండి తొలగించుటకును రాళ్ళు కొట్టినవారిలో ఒక్కనికైనను హక్కు లేదు. గాడిచర్లవారు పెరిగినది ఆ కథలు వినుచునే.

ఇంట కలిమి లేదు. చదువు మాత్రము అబ్బెను. మదరాసులో 1906లో ఎం.ఏ. పట్టము పొందిరి. ఆ రోజులలో ఎం.ఏ. యన్న సామాన్యమా! సర్కారు కొలువు గుమ్మమున నిలిచియున్నట్లే. ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవర మేగిరి. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుగారు ఆ నగరమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములను రొమ్మున ధరించి తరగతులకు పోయిరి. ప్రిన్సిపాలు మార్క్ హంటరు దానిని సహింపలేదు. విద్యార్థుల ముందు నిలిచిన హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి వెడలగొట్టిరి; సర్కారు కొలువు తలుపులును మూతపడెను. అప్పటికి ఆయన వయస్సు 23 ఏండ్లు. గ్రంథాలయమున మేము చూచిన యువకుని వయస్సే. ఇద్దరును కోరినది ఒక్క ఉద్యోగమునే. ఒకరు దానిని గుడ్డముక్క చిహ్నముకొరకు వదలుకొనిరి.

మరుసటి యేట బెజవాడనుండి స్వరాజ్య యను వారపత్రికను నడపిరి. 1908 మార్చిలో తిరునల్వేలిలో ప్రజలపై తుపాకులు ప్రేలినవి. అందును గూర్చి ఆ పత్రికలో వచ్చిన వ్యాసమున విదేశీయ ప్రభుత్వమును క్రూరమైన పులితో పోల్చిరి. ప్రభుత్వము రాజద్రోహ నేరము మోపెను. మూడేండ్ల కఠిన శిక్ష పడెను. వేలూరు చెరసాలలో ఆ పండితునకు తల గొరిగి, ఖైదీ బట్టలు తొడిగి, దొంగలతోడను హంతకులతోడను ఒకే పంక్తిన కూర్చుండబెట్టిరి. రాజకీయ ఖైదీకి వేరు మర్యాద యన్నది నాటికి లేదు. ఆంధ్రదేశమున రాజకీయ కారణమున చెరకు పోయిన తొలివారు ఆయనయే యని చెప్పుదురు. పత్రికలో వ్రాయువారలము గనుక ఈ ఘట్టమున మేము కొంచెము నిలువక తప్పదు. నేడు ఏ యువకుడైనను చేతిలోని ఫోనున ప్రభుత్వమును పులియనియు, నక్కయనియు రోజుకు పదిమార్లు వ్రాయుచున్నాడు. ఆ వ్రాత వ్రాసినవానికి అంతటితో తృప్తి కలిగి, పనియైపోయినట్లు తోచుచున్నది. గాడిచర్లవారికి ఆ వ్రాత తరువాత మూడేండ్లు పట్టెను. వెలుపలికి వచ్చినపిదప పని అప్పుడే మొదలైనది.

విడుదలై వచ్చినవానిని ఊరు పూలదండలతో ఎదుర్కొనెనని తలంతురేమో. అట్లు కాలేదు. ఆయనను ఇంట చేర్చుకొనుటకే జనము జంకిరి. సర్కారు కన్ను తమపై పడునేమోయని పరిచితులే ముఖము తిప్పుకొనిరి. అప్పుడు చేయూత నిచ్చినవారు కొమర్రాజు లక్ష్మణరావుగారు. తమ విజ్ఞాన చంద్రికా మండలి పనులలో ఆయనను చేర్చుకొనిరి. ఆ మండలికి గాడిచర్లవారు అంతకుముందే అబ్రహాము లింకను చరిత్రమును వ్రాసియిచ్చియుండిరి. కట్టెలు కొట్టినవాని కొడుకు జనుల వోట్లచే దేశాధ్యక్షుడైన కథను, వోటన్నది కలలోనైన నెరుగని తెలుగు చదువరుల చేతిలో పెట్టినది ఆయన కలమే. ఆపై హోమ్‌రూలు ఉద్యమములోను, పత్రికా సంపాదకత్వములోను సంవత్సరములు గడచినవి. ఆ వివరములలోనికి ఇప్పుడు పోము.

వోటు మాటకు వత్తము. 1919 సంస్కరణల చట్టముచే మదరాసు రాజధానిలో ఎన్నికలు వచ్చినవి. వోటు హక్కు గలవారు నూటికి ముగ్గురు మాత్రమే. పల్లెటూళ్ళలో సంవత్సరమునకు పదిరూపాయల శిస్తు కట్టు రైతుకే వోటు. ఈ నియమము వినుటకు అందరికి సమమే. కాని మాగాణికి శిస్తు హెచ్చు, మెట్టకు తక్కువ. డెల్టాలో కొద్ది యెకరముల వరిమడి కలవాడు వోటరగుచుండగా, మన సీమలో జొన్నయు కొర్రయు పండించువాడు అంతకు పెక్కురెట్లు నేల దున్నిననేగాని వోటరు కాలేడు. కూలి, మంగలి, చాకలి, మాల, మాదిగ, నేతగాడు లెక్కలోనే లేరు. వాన కురియని నేలకు మాట కూడ తక్కువయే.

ఆ 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించెను. ఇక్కడ మా యువమిత్రుడు మమ్ము పట్టుకొనగలడు: నాటి దేశభక్తులు వోటు వేయకుండుట గొప్ప, నేను వేయకుండుట తప్పా యని. ప్రశ్న న్యాయమైనదే, దాటవేయరాదు. నాడు వోటు మానినవారు ఊరూరు తిరిగి ఎందుకు మానుచున్నామో చెప్పిరి. మానినందుకు బదులు ఏమి చేయుదుమో చెప్పిరి. కొందరు పట్టాలు వదలిరి, కొందరు వకీలు వృత్తి వదలిరి, చెరకు పోయిరి. ఆ మానుట పదిమంది కలసి చేసిన పని. ఎన్నికలనాడు ఇంట పండుకొని సినిమా చూచుట ఆ జాతిది కాదు. ఏ అభ్యర్థియు నచ్చనివానికి 2013 నుండి వోటు యంత్రముమీదనే నోటా యను మీట గలదు. పోయి దానిని నొక్కినవాని అసమ్మతి లెక్కకు వచ్చును, రానివాడు చచ్చినవానితో సమముగ లెక్కింపబడును. మరియొక మాట. బహిష్కరించిన ఆ కాంగ్రెసువారే కొన్నియేండ్లకు తమ మార్గమును పునర్విమర్శించుకొనిరి. 1926 ఎన్నికలలో పోటీచేసిరి. హరిసర్వోత్తమరావుగారును మదరాసు శాసనమండలి సభ్యులైరి. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దేశమున తొలి మహిళా శాసనసభ్యురాలుగా కూర్చున్న సభ అదియే. మరల 1929 చివర లాహోరు కాంగ్రెసు శాసనసభలను వీడుమనగా ఆ శకము ముగిసెను. ప్రవేశించుటయు విడుచుటయు రెండును ఆ తరమునకు ఆయుధములే. పట్టనట్లుండుట మాత్రము వారి అమ్ములపొదిలో లేదు.

సభలోనికి వచ్చినవారు పెక్కురు, పోయినవారు పెక్కురు. గాడిచర్లవారి ప్రత్యేకత మరొకచోట నున్నది. వోటు ఒకనాటికి అందరికి వచ్చితీరును. అది వచ్చునాటికి జనము చదువనైనను వినయైనను నేర్చియుండవలెనని ఆయన పట్టుదల. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో వెలసెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారితో కలసి ఆయన ఆ ఉద్యమమును దీర్ఘకాలము మోసిరి; సంఘాధ్యక్షులుగ పనిచేసిరి. వయోజన విద్యను తమ మతముగ చేసికొనిరి. పగలంతయు పొలమున పనిచేసి వచ్చిన నడివయసు రైతును లాంతరు ముందు కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించుట ఎట్టి పనియో దానిని చేసినవారికే తెలియును. చప్పట్లు లేని పని. చెరకు పోయినవానికి చరిత్రలో స్థానము దొరకును. రాత్రిబడి నడపినవానికి నూనె ఖర్చు మిగులును. ఆయన రెండును చేసిరి. 1948లో మదరాసు ప్రభుత్వము గ్రంథాలయ చట్టమును చేసి, ఆస్తిపన్నుతోబాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయ నారంభించెను. కర్నూలులో మా యువకుడు ఉచితముగ కూర్చున్న కుర్చీ అట్టి పన్నునుండి పుట్టినది. అది దాతృత్వము కాదు. శాసనసభలో చేతులెత్తి చేసిన చట్టము.

నీటి మాటయు అట్టిదే. 1937 నవంబరులో శ్రీబాగు ఒడంబడికలో కృష్ణ, తుంగభద్ర, పెన్నా జలముల వినియోగమున రాయలసీమకు ప్రాధాన్యమిచ్చుటకు కోస్తా నాయకులు అంగీకరించిరి. నేడు పోతిరెడ్డిపాడువద్ద శ్రీశైలము నీటిని ఎంత తీయవలెను, ఏ కాలువకు ముందు వదలవలెను అన్న నిర్ణయములు ఎన్నికైన ప్రభుత్వములే చేయుచున్నవి. ఏ పక్షము వచ్చినను నీరు అంతేయన్న మా మిత్రుని మాటలో వేదన గలదు. ఆ వేదనను మేము కాదనము. కాని ఆ కాలువ తూముచెంత నిలిచి అడుగువారి పేర్లు జాబితాలో లేకున్నచో, నీరు అడిగినవారివైపే పోవును.

1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. శిస్తు అడుగలేదు, చదువు అడుగలేదు, కులము అడుగలేదు. 21 ఏండ్లు నిండెనా యని మాత్రమే అడిగెను. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలనాటికి గాడిచర్లవారికి 68 ఏండ్లు. సుమారు 17 కోట్ల వోటర్లలో నూటికి 80 మందికి పైగా అక్షరములు రానివారే. అందుచేత పెట్టెలపై గుర్తులు వేసిరి. ధాత కరువులో రాళ్ళు కొట్టినవారి మనుమలు ఆ పెట్టెలముందు బారులు తీరిరి. 1953 అక్టోబరు 1న తాము పుట్టిన ఊరే ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యగుటయు ఆయన కన్నులార చూచిరి. 1960 ఫిబ్రవరి 29న కన్నుమూసిరి. వోటు వయస్సు 18 ఏండ్లకు తగ్గినది ఆయన పోయిన చాలకాలమునకు, 1989లో.

వోట్లను కొనువారు గలరు. కాదని మేము చెప్పిన మా ముఖముననే నవ్వుదురు. ఈ సీమలో ఒక్కొక్క యూరి వోట్లన్నియు ఒక్కొక్క పెద్దయింటి గడపవద్ద మూటగట్టి యుండిన కాలమును మేమెరుగుదుము. ఆ వాసన నేటికిని పోలేదు. ఐనను మూట పెద్దదగుట కొన్నవాని బలముచేత మాత్రమే కాదు, అమ్ముకొననివారు ఇంట కూర్చుండుటచేత. ఇక ఒక్క వోటు విలువ యేమన్నచో, 1989లో అనకాపల్లి లోకసభ స్థానమునకు కొణతాల రామకృష్ణగారు 9 వోట్ల తేడాతో గెలిచిరి. అన్ని లక్షల వోట్లలో తొమ్మిది! ఆనాడు ఆ నియోజకవర్గమున ఇంట మిగిలినవారు ఎందరో లెక్కించుకొనవచ్చును.

ఆదోని, కోసిగి పడమటి పల్లెలనుండి జనము ఏటేట సుగ్గికి పోవుదురు. గుంటూరు సీమలో మిరపకాయలు కోసి కడుపు నింపుకొందురు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలు సరిగా ఆ సుగ్గి రోజులలో వచ్చినవి. రెండుమూడు దినముల కూలి పోగొట్టుకొని వచ్చి వోటు వేసి, మరల మూటాముల్లె సర్దుకొని పోయిన కుటుంబములు గలవు. కొందరికి బండి ఖర్చు అభ్యర్థులే పెట్టిరందురు, పెట్టియుందురు. కూలి నష్టము మాత్రము ఎవరు తీర్చిరి?

ఈ చరిత్రమంతయు మా యువకునికి ఒక సాయంత్రము చెప్పితిమి. అతడు నడుమ నడుమ ప్రశ్నలు వేసెను. అన్నిటికి మేము సమాధానము చెప్పలేకపోతిమి. 18 ఏండ్లు నిండినవారు ఫారము-6 నింపి తమ పోలింగు కేంద్రపు అధికారికి ఇయ్యవచ్చుననియు, జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మాసముల మొదటి తేదీలు వయస్సునకు అర్హత తేదీలనియు చెప్పి, ఒక ఫారమును చేతికిచ్చితిమి. చిరునామా గ్రామముదా, కర్నూలు అద్దెగదిదా వ్రాయవలసినదని అడిగెను. సాధారణముగ ఎచ్చట నివసింతువో అచ్చటిదే యంటిమి. కలము అడిగి తీసికొనెను.