విని లెక్కలు నేర్చిన సంజీవరాయశర్మ

వెల్గటూర్: తమకు చదువు రాదు గనుక పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పలేమని అనుకునే తల్లులు, ముఖ్యంగా బీడీలు చుట్టే తల్లులు, మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ బాల్యం వారు తెలుసుకోదగినది.

కడప జిల్లా ప్రొద్దుటూరు సమీపాన గల కల్లూరులో 1907లో జన్మించిన శర్మ పుట్టు అంధులు. బడిలో చేరే వీలు లేకపోయింది. సోదరి బడి నుంచి వచ్చి పాఠాలు పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినేవారు. ఎక్కాలు, కూడికలు అట్లా చెవిన పడినవే. పలకా లేదు, బలపమూ లేదు. తమ్మునికి లెక్కలు నేర్పుతున్నానని ఆమె అనుకున్నదో లేదో! 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి అని తల్లి పైకి లెక్కపెట్టినా పక్కనున్న పిల్లవాడు వింటాడు కదా.

శర్మ వయొలిన్ కూడా నేర్చారు. పెద్దయ్యాక ఊరూరా గణితావధానాలు జరిపారు. పుట్టిన తేదీ చెబితే వారం చెప్పేవారు. 1966లో హైదరాబాదు సభలో రెండుకు 103వ ఘాతం ఎంతని అడగగా, 32 అంకెల జవాబు కాగితం లేకుండానే అప్పజెప్పారు. 1997లో కన్నుమూశారు.