ప్రోటీన్లకు పద్దు రాసిన ఇల్లాలు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు కంప్యూటర్ ముందు కూచునే జీవశాస్త్రం చేసే అమ్మాయిలు ఇవాళ ఉన్నారు. సముద్రపు నీళ్ళలో కంటికి కనబడని సూక్ష్మజీవి ఏ ప్రోటీన్ తయారుచేస్తుందో తెలియాలంటే వాళ్ళు సముద్రం దాకా వెళ్ళక్కర్లేదు. ఎక్కడో ఎవరో చదివిపెట్టిన వివరాలు మీట నొక్కితే తెరమీదికి వస్తాయి. ఈ ఉమ్మడి ఖజానాకి పునాది వేసినావిడ మార్గరెట్ డేహాఫ్.

ఆవిడ 1925 మార్చి 11న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. న్యూయార్క్‌లో లెక్కలు చదివి, కొలంబియా యూనివర్సిటీలో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. చిల్లులు పొడిచిన కార్డులతో నడిచే లెక్కల యంత్రాలని అప్పుడే తన పరిశోధనకి వాడుకున్నారు. 1948లో ఎడ్వర్డ్ డేహాఫ్‌తో పెళ్ళయింది. ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళ పెంపకం కోసం కొన్నేళ్ళు పరిశోధన పక్కన పెట్టారు. చాలామంది చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆవిడది ఆగలేదు. 1960లో నేషనల్ బయోమెడికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో చేరారు.

ప్రోటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ. ఏ పూస తర్వాత ఏ పూస అన్నది కనుక్కోవడం ఆ రోజుల్లో ఏళ్ళ తరబడి పని. కనుక్కున్నవి కూడా తలో పత్రికలో చెదిరి ఉండేవి. ఆవిడ వాటిని ఏరి, తప్పొప్పులు సరిచూసి, 1965లో 65 ప్రోటీన్లతో ఒక పుస్తకం తెచ్చారు. కంప్యూటర్‌లో చోటు కలిసొచ్చేలా ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్క అక్షరం పెట్టారు. మన పోపుడబ్బాల మీద పొడి అక్షరాల్లాగే! వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే జీవుల చుట్టరికాలు బయటపడతాయని చూపించారు.

అయినా ఇది గుమాస్తా పనే కదా అని చప్పరించిన పెద్దలున్నారు. నిధులకి నిత్యం వెతుకులాటే. మరోపక్క, అందరి శ్రమనీ పోగుచేసి పుస్తకంగా అమ్ముతున్నారన్న విమర్శ. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ సరిచూసే మనుషులకి జీతాలెవరిస్తారు? 1980లో టెలిఫోన్ తీగ ద్వారా దూరాన్నుంచే ఈ వివరాలు చూసుకునే ఏర్పాటు చేశారు. ఇంత చేసినా, డీఎన్ఏ వరసల జాతీయ భాండాగారం నడిపే ఒప్పందం 1982లో లాస్ అలమోస్ ప్రయోగశాలకి వెళ్ళిపోయింది. ఏడాది తిరక్కుండానే, 1983 ఫిబ్రవరి 5న, 57వ ఏట గుండెపోటుతో ఆవిడ కన్నుమూశారు.

ఆవిడ పద్దు మాత్రం మూతపడలేదు. 2002లో యూనిప్రాట్ అనే ప్రపంచ ఖజానాలో కలిసింది. దాన్నిప్పుడు ఎవరైనా, పైసా ఇవ్వకుండా చూసుకోవచ్చు. 2007లో సముద్రపు సూక్ష్మజీవుల నుంచి 60 లక్షలకు పైగా ప్రోటీన్ల వివరాలు వెలువడితే, వాటిని రాసిందీ ఆవిడ పెట్టిన అక్షరాలతోనే.

సర్దిపెట్టే పని ఇంట్లోనైనా, ప్రయోగశాలలోనైనా ఎవరి కంటికీ ఆనదు. ఇవాళ ఆ ఖజానా తెరిచే మన అమ్మాయిలకైనా ఈవిడ పేరు తెలియాలి.