బారిసాల్ అశ్వినీకుమార దత్త

తూర్పు వంగదేశమున నదులును కాలువలును అల్లుకొనియున్న బాకర్‌గంజ్ జిల్లాకు బారిసాల్ ముఖ్యపట్టణము. రైలుమార్గము లేని యా చిన్న పట్టణమునకు జలమార్గముననే చేరవలసియుండెడిది. 1908 డిసెంబరులో ఆంగ్ల ప్రభుత్వము ఆ యూరి మాజీ వకీలు నొకనిని, విచారణయైనను జరుపకుండ, దూరదేశమునకు పంపి నిర్బంధించెను. ఆయన ఆయుధము పట్టినవాడు కాడు. జిల్లా జనులందరును ఆయన మాటను నమ్ముటయే ప్రభుత్వమునకు భయహేతువయ్యెను. ఆ నమ్మకము ఒకనాట కలిగినది కాదు.

అశ్వినీకుమార దత్త 1856 జనవరి 25న జన్మించెను. తండ్రి వ్రజమోహన దత్త న్యాయశాఖలో ఉద్యోగి. బాలుడు పదునాలుగేండ్లకే ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యెను గాని, పదునారేండ్లు నిండినవారికే దాని కర్హత. నాటి యలవాటు చొప్పున పత్రములో వయస్సు రెండేండ్లు హెచ్చుగ వ్రాయబడెను. కళాశాలలో చేరిన పిమ్మట ఆ యసత్యము ఆయన మనస్సులో ముల్లువలె గ్రుచ్చుకొనసాగెను. అధికారులకు విన్నవించుకొనగా, వ్రాసినదానిని దిద్దు దారి లేదని తేలెను. అంతట ఆ యువకుడు తన శిక్షను తానే విధించుకొని కొంతకాలము చదువు మానివేసెను. లోకజ్ఞులకిది వెఱ్ఱిగ దోచవచ్చును. ఆయన తరువాతి జీవితమంతయు ఈ వెఱ్ఱినుండియే మొలకెత్తినది.

1880లో ఆయన బారిసాల్‌లో వకీలు వృత్తి నారంభించెను. ఆ మరుసటి యేటి ప్రాంతమున దక్షిణేశ్వరమునకు బోయి శ్రీరామకృష్ణులను దర్శించెను. నల్లయంచు వస్త్రము కట్టి, బాలీసు కానుకొని కూర్చున్న వ్యక్తిని జూచి, పరమహంసకు బాలీసేమిటియని మొదట శంకించెను. కాని ఆ బాలీసు నుపయోగించు తీరులో పెద్దమనుష్యుల దర్పము లేశమైనను కానరాలేదు. శంక తీరెను. పిమ్మట మరికొన్నిమారులు దర్శించెను. నరేంద్రునితో పరిచయము చేసికొమ్మని శ్రీరామకృష్ణులు ఆయనకు చెప్పిరి గాని, నరేంద్రుని శిరోవేదన వలన ఆనాడు సంభాషణ సాగలేదు.

న్యాయస్థానమున సత్యమును దినదినము కొంచెముగ వంచక తప్పదని యనుభవమునకు రాగా అశ్వినీకుమారుడు ఆ వృత్తిని విడిచెను. తండ్రి పేర 1884లో పాఠశాలను, 1889లో కళాశాలను స్థాపించి, జీతము గొనకయే బోధించెను. సత్యము, ప్రేమ, పవిత్రత అనునవి ఆ విద్యాలయపు ఆదర్శములు. పరీక్షలకు కావలివారక్కరలేదని అచ్చట ప్రతీతి. కలరా సోకిన బీదలకు విద్యార్థులే పరిచర్య చేయుచుండిరి. భక్తిని గూర్చి ఆయన వారికి చేసిన ప్రసంగములే పిదప ‘భక్తియోగ’ మను గ్రంథమయ్యెను.

పట్టణ పురపాలక సంఘమునందును ఆయన పాటుపడెను. శాసనసభల సంస్కరణ గోరుచు జిల్లా జనులు 45,000 మంది చేవ్రాళ్లు చేసిన విజ్ఞాపనను 1887లో మద్రాసు కాంగ్రెసునకు కొనిపోయెను. 1897లో అల్మోరాలో వివేకానందస్వామిని కలిసికొనెను; ఏనాడో నిలిచిపోయిన సంభాషణ హిమాలయములలో సాగినది. చర్మకారులయొద్దకును పాకీవారియొద్దకును పోయి, జాతి ప్రాణము మీరేయని వారికి దెలుపవలెనని స్వామి బోధించిరి. శీలమును నిర్మించు విద్యను మెచ్చుకొనిరి. ఆ యేటి డిసెంబరులోనే అమరావతి కాంగ్రెసులో అశ్వినీకుమారుడు, ఏటికి మూడునాళ్లు జరుగు తమాషాతో దేశకార్యము నెరవేరదని నిర్మొగమాటముగ పలికెను.

1905లో వంగవిభజన జరిగినప్పుడు విదేశీవస్తు బహిష్కారమున బారిసాల్ ముందు నిలిచెను. ఆయన స్థాపించిన స్వదేశ బాంధవ సమితికి గ్రామగ్రామమున శాఖ లేర్పడెను. వాని సంఖ్య నూటయేబదిని మించెను. ఒక్క సంవత్సరములో సమితివారి 89 మధ్యవర్తి సంఘములు 523 తగాదాలను పరిష్కరించినవి. కచేరిని విడిచిన వకీలు ఇప్పుడు జనులను కచేరి మెట్లెక్కనీయకుండ చేసెను! 1906 ఏప్రిలులో అచ్చట జరిగిన రాష్ట్రసభకు వచ్చినవారిని పోలీసులు లాఠీలతో కొట్టి చెదరగొట్టిరి. ఆ యేడే కరవు రాగా, ఆయనయు అనుచరులును అన్నార్తులకు బియ్యము పంచిరి. ఆ సీమను సోదరి నివేదిత పడవలపై తిరిగి చూచి, కనినదానిని గ్రంథస్థము చేసినది.

ప్రభుత్వము దీనిని సహింపజాలక, 1818 నాటి మూడవ రెగ్యులేషను క్రింద తొమ్మండుగురు నాయకులను నిర్బంధించెను. అశ్వినీకుమారుడును, ఆయన కళాశాల యధ్యాపకుడు సతీశచంద్ర చటోపాధ్యాయుడును వారిలోనివారు. సమితియు 1909 జనవరిలో నిషిద్ధమయ్యెను. లక్నో చెరసాలలో పదునాలుగు మాసములు గడపి, 1910 ఫిబ్రవరిలో ఆయన విడుదల చెందెను. ఆరోగ్యము మరల కుదుటపడలేదు. 1921లో గాంధీమహాత్ముడు బారిసాల్‌కు వచ్చినప్పటికి ఆయన వృద్ధుడు, రోగపీడితుడు. 1923 నవంబరు 7న కలకత్తాలో దేహము చాలించెను.

బారిసాల్ నేడు బంగ్లాదేశములో నున్నది. అచ్చటి పురమందిరము అశ్వినీకుమారుని పేరనే పిలువబడుచున్నది. వ్రజమోహన కళాశాలలో నేటికిని పాఠములు జరుగుచున్నవి.