ఐజాక్ మర్ఫీ: బానిసల ఇంట పుట్టి మూడుసార్లు డెర్బీ గెలిచిన జాకీ

మలక్‌పేట రేస్‌కోర్స్ పక్కనుంచి వెళ్తుంటే మనకు వినిపించేది పందేల మాటే. జూదం మనకు హరాం, అందులో రెండో మాట లేదు. కానీ ఆ గోడ వెనక ఇంకో లోకం ఉంది. తెల్లవారకముందే లేచి గుర్రాలకు దాణా పెట్టే సైస్‌లు, వాటికి నడక నేర్పేవాళ్లు, వాటి మీద ప్రాణాలు పణంగా పెట్టి స్వారీ చేసే జాకీలు అక్కడ మెహనత్ చేసి బతుకుతుంటారు. గుర్రం గెలిస్తే దాని పేరు, యజమాని పేరు నలుగురికీ తెలుస్తాయి. ఈ మనుషుల పేర్లు ఎంతమందికి గుర్తుంటాయి?

ఇలాంటి పనివాళ్లను గుర్తుపెట్టుకోవడానికే చాలా దేశాల్లో అవార్డులు, స్కాలర్‌షిప్‌లు పెట్టారు. అమెరికాలో 1995లో గుర్రపు పందేల గురించి రాసే విలేకరుల సంఘం ఒక అవార్డు మొదలుపెట్టింది. ఏడాదిలో కనీసం 500 రేసుల్లో స్వారీ చేసి, వాటిలో ఎక్కువ శాతం గెలిచిన జాకీకి అది ఇస్తారు. దాని పేరు ఐజాక్ మర్ఫీ అవార్డు. ఆ పేరు వెనక ఉన్న మనిషి కథ వింటే సంతోషమూ కలుగుతుంది, మనసూ చివుక్కుమంటుంది.

ఐజాక్ 1861లో కెంటకీ రాష్ట్రంలో పుట్టాడు. తల్లిదండ్రులు నల్లజాతి వాళ్లు. అప్పటికి అక్కడ బానిసత్వం ఇంకా పోలేదు. అదే ఏడాది అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. తండ్రి ఉత్తరాది సైన్యంలో చేరాడు, సైన్యంలో ఉండగానే చనిపోయాడు. తల్లి కొడుకును తీసుకుని లెక్సింగ్టన్ పట్టణం చేరి, ఇళ్లలో బట్టలు ఉతికి అతన్ని పెంచింది. పిల్లవాడు చిన్నగా, తేలికగా ఉండేవాడు. ఆమె పనిచేసే ఇంటివాళ్లకు రేసు గుర్రాలు ఉండేవి. అలా అతను గుర్రపుశాలలో అడుగుపెట్టాడు. ఎలై జోర్డాన్ అనే నల్లజాతి ట్రైనర్ దగ్గరుండి పని నేర్పాడు.

1875లో పద్నాలుగేళ్ల వయసులో ఐజాక్ మొదటిసారి రేసులో పాల్గొన్నాడు. అప్పటిదాకా అతని ఇంటిపేరు బర్న్స్. తల్లి కోరిక మీద తాత గ్రీన్ మర్ఫీ పేరు పెట్టుకున్నాడు. కెంటకీ డెర్బీ మొదలైందీ ఆ ఏడాదే. ఆ మొదటి డెర్బీలో పాల్గొన్న 15 మంది జాకీల్లో 13 మంది నల్లజాతివాళ్లే. గెలిచిన జాకీ ఆలివర్ లూయిస్, ఆ గుర్రం ట్రైనర్ ఆన్సెల్ విలియమ్సన్ కూడా నల్లజాతివాళ్లే. బానిసత్వపు రోజుల్లో గుర్రాల పనంతా వాళ్ల చేతుల మీదుగానే నడిచింది కాబట్టి, ఆ విద్యలో వాళ్లను మించినవాళ్లు లేరు.

మర్ఫీ పద్ధతి వేరుగా ఉండేది. నిటారుగా కూర్చునేవాడు. కొరడా వాడటం తక్కువ. గుర్రం దమ్ము ఎంతో కళ్లెం పట్టుకున్న చేతులతోనే తెలుసుకుని, చివరి వరకు ఆ బలాన్ని దాచి, గీత దగ్గర అవసరమైనంత మాత్రమే ముందుకు తీసేవాడు. అందుకే ఆయన గెలుపులు చాలా వరకు బెత్తెడు తేడాతో ఉండేవి. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనయ్యేది.

1879లో ఫాల్సెటో అనే గుర్రంతో ట్రావర్స్ స్టేక్స్ గెలిచాక ఆయన పేరు దేశమంతా పాకింది. ఆ రోజుల్లోనే జూదగాళ్లు వచ్చి, రేసు ఓడిపోతే డబ్బిస్తామని ఆశ చూపారంటారు. ఆయన లొంగలేదు. కోట్ల రూపాయల పందేలు తిరిగే చోట నిజాయితీగా ఉండటం గుర్రాన్ని అదుపు చేయడం కంటే కష్టం. ఆ పేరు మాత్రం ఆయన చివరిదాకా నిలబెట్టుకున్నాడు.

1884లో బుకానన్ మీద మొదటి కెంటకీ డెర్బీ, 1890లో రైలీ మీద రెండోది, 1891లో కింగ్‌మన్ మీద మూడోది గెలిచాడు. వరుసగా రెండేళ్లు గెలిచిన మొదటి జాకీ ఆయనే, మూడు గెలిచిన మొదటివాడూ ఆయనే. ఆ మూడు డెర్బీల రికార్డును దాటడానికి 1948 దాకా ఎవరి వల్లా కాలేదు. అప్పట్లో షికాగోలో జరిగిన అమెరికన్ డెర్బీని నాలుగుసార్లు గెలిచాడు. కింగ్‌మన్‌ను తయారుచేసిన డడ్లీ అలెన్ కూడా నల్లజాతి వ్యక్తే, ఆ గుర్రం యాజమాన్యంలోనూ ఆయనకు వాటా ఉంది. ఏడాదికి 10,000 డాలర్లకు పైగా సంపాదించి మర్ఫీ లెక్సింగ్టన్‌లో పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. భార్య లూసీతో అక్కడ ఉండేవాడు.

ఆయన స్వయంగా వేసుకున్న లెక్క ప్రకారం 1,412 రేసుల్లో 628 గెలిచాడు. అంటే నూటికి 44. తర్వాత పాత రికార్డులు వెతికినవాళ్లకు దొరికింది 34 శాతం. ఈ తక్కువ లెక్క తీసుకున్నా, మూడు రేసుల్లో ఒకటి గెలిచినట్టే. శాతాన్ని చూసి ఇచ్చే అవార్డుకు ఆయన పేరు పెట్టింది అందుకే.

కానీ ఆ పని ఒంటిని తినేస్తుంది. సీజన్ లేనప్పుడు బరువు పెరగడం, రేసులకు ముందు పస్తులుండి తగ్గించుకోవడం ఆయనకు ఏటా తప్పని బాధ. 1890 జూన్‌లో సాల్వేటర్ మీద టెన్నీని తృటిలో ఓడించి అందరి నోటా ఆయనే అనిపించుకున్నాడు. అదే ఆగస్టులో మాన్మత్ పార్క్‌లో ఫిరెంజీ అనే గుర్రం మీద జీనులో నిలవలేక తూలిపోయి, అందరికంటే వెనక వచ్చాడు. తాగి ఎక్కాడని నింద పడింది, సస్పెండ్ చేశారు. పస్తులతో నీరసించాడని కొందరు, ఎవరో ఏదో కలిపి తాగించారని కొందరు అన్నారు. ఏది నిజమో ఇప్పటికీ తేలలేదు. పదిహేనేళ్లు కాపాడుకున్న ఇజ్జత్‌కు ఒక్క మధ్యాహ్నం మచ్చ పెట్టింది. మరుసటి ఏడాది మళ్లీ డెర్బీ గెలిచినా, తర్వాత ఆయనను పిలిచే యజమానులు తగ్గిపోయారు.

1896 ఫిబ్రవరి 12న న్యుమోనియాతో 35 ఏళ్లకే చనిపోయాడు. లెక్సింగ్టన్‌లో నల్లజాతివాళ్ల శ్మశానంలో పాతిపెట్టారు. చెక్క గుర్తు పుచ్చిపోయింది. 1909లో కాంక్రీటు గుర్తు పెట్టారు, దాన్నీ అందరూ మరిచిపోయారు, చుట్టూ పొదలు పెరిగాయి. 1955లో జాతీయ రేసింగ్ మ్యూజియం గొప్పవాళ్ల జాబితా మొదలుపెట్టినప్పుడు ఆ తొలి ఏడాదే ఆయన పేరు చేర్చారు. అప్పటికి ఆయన సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఫ్రాంక్ బోరీస్ అనే విలేకరి ఏళ్ల తరబడి వెతికి 1967లో కనిపెట్టాడు. ఇప్పుడు ఆయన కెంటకీ హార్స్ పార్క్‌లో, మ్యాన్ ఓ వార్ అనే ప్రఖ్యాత గుర్రం సమాధి దగ్గర ఉన్నాడు.

సమాధి మాట అలా ఉంచండి, ఆయన జాతి మొత్తం ఆ మైదానం నుంచి మాయమైంది. మొదటి 28 డెర్బీల్లో 15 గెలిచింది నల్లజాతి జాకీలే. తర్వాత జాతి వివక్ష చట్టాలొచ్చాయి, రేసుల్లో వాళ్లను పక్కకు నెట్టేశారు, గుర్రాలివ్వడం మానేశారు. 1902 తర్వాత నల్లజాతి జాకీ డెర్బీ గెలవలేదు. 1921 తర్వాత 2000 దాకా ఒక్కరు కూడా ఆ రేసులో పాల్గొనలేదు. అంటే 1995లో మర్ఫీ పేరుతో అవార్డు పెట్టేనాటికి, ఆయన లాంటి పిల్లవాడికి డెర్బీలో చోటు లేక 70 ఏళ్లు దాటింది.

ఇక్కడే స్కాలర్‌షిప్ విలువ తెలుస్తుంది. మర్ఫీ కాలంవాడే ఎడ్ బ్రౌన్. బానిసగా పుట్టి, 1870లో జాకీగా బెల్మాంట్ స్టేక్స్ గెలిచి, తర్వాత పెద్ద ట్రైనర్ అయ్యాడు. ఈమధ్య ఆయన పేరుతో లెక్సింగ్టన్‌లో ఎడ్ బ్రౌన్ సొసైటీ ఏర్పడింది. గుర్రాల రంగంలోకి రావాలనుకునే నల్లజాతి, మైనారిటీ యువతకు స్కాలర్‌షిప్‌లు ఇస్తూ, పని నేర్చుకునే అవకాశాలు చూపిస్తోంది.

పోయినవాళ్లకు పేరు ఇవ్వడం మంచిదే. కానీ ఎలై జోర్డాన్ పద్నాలుగేళ్ల పిల్లవాడికి చేసింది అంతకంటే పెద్ద పని. గుర్రపుశాల తలుపు తెరిచి, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. మన బస్తీల్లోనూ తండ్రి చేసే కూలి పని తప్ప ఇంకో దారి కనబడని పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఒక్కరి ఫీజు కట్టినా, ఒక్కరికి పని నేర్పినా చాలు.