చక్రమూ కలమూ

సైకిలు తొక్కడం పడుచువాండ్ర వినోదమని పందొమ్మిదవ శతాబ్దిలో పెద్దల అభిప్రాయం. కలంతో గీసిన బొమ్మ పత్రికలకు మాత్రమే పనికివచ్చే చిల్లరపని అని కళాపండితుల అభిప్రాయం. చిన్నచూపుకు గురియైన ఈ రెండింటినీ చేపట్టి, ఒకదానికొకటి తోడుగా నిలిపి, రెండింటికీ గౌరవం సంపాదించినవాడు జోసెఫ్ పెన్నెల్.

అతడు 1857 జూలై 4వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక క్వేకరు కుటుంబంలో జన్మించినాడు. పగలు బొగ్గు కంపెనీలో గుమాస్తాగిరి చేస్తూ రాత్రివేళ చిత్రలేఖనం అభ్యసించినాడు. 1881లో ఆ నగరపు పాత వీధులను గూర్చి ఒక మాసపత్రిక సచిత్రవ్యాసం ప్రకటింప సంకల్పించింది. బొమ్మలు పెన్నెల్‌వి, రచన ఎలిజబెత్ రాబిన్స్ అనే యువతిది. ఆ పరిచయం 1884 జూన్‌లో వివాహంగా పరిణమించింది. దంపతులు ఐరోపాకు తరలి లండనులో స్థిరపడినారు.

ఆ సంవత్సరం ఆగస్టులోనే వారు లండను నుండి కాంటర్బరీకి యాత్ర సాగించినారు. చాసర్ మహాకవి కావ్యంలోని యాత్రికులు గుర్రాలపై పోయిన దారి అది. వీరి వాహనం ఇద్దరు కలిసి తొక్కే మూడుచక్రాల సైకిలు. గాలి నింపిన టైరు 1888 వరకు రాలేదు. గట్టి రబ్బరు చక్రాలు దారిలోని ప్రతి రాతినీ ఒంటికి తెలియజేసేవి. ఆమె యాత్రాకథ వ్రాసినది, అతడు బొమ్మలు గీసినాడు. 1885లో ఆ పుస్తకం వెలువడింది. 1884 శరదృతువులో ఫ్లారెన్సు నుండి రోముకు, మరుసటి ఏడు లారెన్స్ స్టెర్న్ నవల చూపిన జాడలో ఫ్రాన్సు దేశానికి అదే విధంగా పోయి వచ్చినారు.

సైకిలు కలానికి ఏ విధంగా ఉపకరించింది? రైలులో పోయేవానికి ఊళ్లు కనబడతాయి గాని, ఊరికీ ఊరికీ నడుమ నున్న దారి కనబడదు. కాలినడకన పోయేవానికి దారి కనబడుతుంది గాని, సంపాదకుడు పెట్టిన గడువు దాటిపోతుంది. సైకిలు మీద పోయేవాడు మలుపు మలుపుననూ ఆగగలడు, ఆగినచోటనే గీయగలడు. రంగులపెట్టె, గుడ్డ, చట్రం మోయ నక్కరలేదు. కాగితం, సిరాబుడ్డి, పాళీ చాలును. దృశ్యం ఎదుటనే కూర్చొని గీయడం పెన్నెల్ పద్ధతి.

అప్పటికి అచ్చుపనిలో గొప్ప మార్పు వస్తున్నది. పూర్వం చిత్రకారుడు గీసిన బొమ్మను మరొకడు కొయ్యపై చెక్కేవాడు. గీసినవాని రేఖ చెక్కినవాని ఉలిలో మారిపోయేది. ఫోటోగ్రఫీ సాయంతో జింకు బ్లాకులు తయారైన పిదప, కలం గీసిన గీత గీసినట్లే అచ్చులోనికి వచ్చింది. అయితే ఆ బ్లాకు నలుపును, తెలుపును మాత్రమే గ్రహిస్తుంది. నీడను గీతల సాంద్రతతోనే తేవాలి. తడబడిన గీతను సిరా దాచదు. ఈ విద్యను సమగ్రంగా వివరిస్తూ పెన్నెల్ 1889లో కలంచిత్రాలను గూర్చి ఒక పెద్ద గ్రంథం వెలువరించినాడు. జర్మనుడైన మెంజెల్, స్పానిష్ చిత్రకారుడైన వియెర్జ్ వంటివారిని పూర్వాచార్యుల సరసన నిలిపినాడు. 1893లో, భీమా కార్యాలయంలో గుమాస్తాగా ఉండిన ఇరువదేండ్ల ఆబ్రీ బియర్డ్‌స్లీని ఒక పత్రిక తొలిసంచికలో లోకానికి పరిచయం చేసినవాడూ అతడే.

అతని దృష్టిలో లోపం లేకపోలేదు. గోపురాలనూ వంతెనలనూ అంత ప్రేమతో చూచిన ఆ కన్ను మనుష్యులను అట్లు చూడలేదు. తూర్పు ఐరోపా యూదులను గూర్చి 1892లో అతడు ప్రకటించిన గ్రంథం విద్వేషంతో నిండినది. దేశాలు తిరిగినంత మాత్రాన హృదయం విశాలం కాదనడానికి అది సాక్ష్యం.

దంపతుల యాత్రలు మాత్రం ఆగలేదు. హంగరీ దేశం చూచినారు. ఆల్ప్స్ కనుమలు సైకిళ్లపై దాటినారు. ఆ పర్వతయాత్రను గూర్చి ఎలిజబెత్ వ్రాసిన పుస్తకం 1898లో వచ్చింది. అప్పటికి ఆమెకు నలుబదిమూడేండ్లు. పిమ్మట పెన్నెల్ పనామా కాలువ నిర్మాణాన్ని 1912లో శిలాముద్రణ చిత్రాలుగా గీసినాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో స్వదేశానికి మరలినాడు. 1926 ఏప్రిల్ 23వ తేదీన బ్రూక్లిన్‌లో మరణించినాడు.

అతని జీవితచరిత్రను 1929లో ఎలిజబెత్ ప్రకటించినది. 1936లో ఆమెయూ కన్నుమూసినది. పెన్నెల్ పేరు తలచినప్పుడు బొమ్మలే జ్ఞప్తికి వస్తాయి గాని, ఆ బొమ్మల దారి పొడవునా చక్రం తిప్పిన పాదాలలో రెండు ఆమెవి.