కరుణామయి సిస్టర్ మేరీ గ్లౌరీ

కన్యాస్త్రీల మఠాలలో గతించిన సోదరీమణుల జీవితచరిత్రలను వ్రాసి, చదివి, స్మరించుకొనుట చిరకాల సంప్రదాయము. అట్టి చిన్న పుస్తకమొకటి ఎంతటి మార్పును తేగలదో డాక్టర్ మేరీ గ్లౌరీ జీవితము తెలుపుచున్నది.

ఆమె 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున బిరెగుర్రాలో జన్మించారు. తొమ్మండుగురు సంతానములో మూడవవారు. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున 1910లో వైద్య పట్టము పొందారు. నగరములో నేత్ర వైద్యురాలిగా మంచి పేరు గడించారు.

1915లో ఒకనాడు స్కాట్లండు వైద్యురాలు ఆగ్నెస్ మెక్లారెన్ జీవితమును తెలుపు చిన్న పుస్తకము ఆమె చేతికి వచ్చినది. ఆ డాక్టరమ్మ 1913లోనే కీర్తిశేషురాలైనారు. పరదాచాటున నుండి, పురుష వైద్యుల వద్దకు పోలేక, ప్రసవ సమయమున ప్రాణములు కోల్పోవు భారత స్త్రీల దుఃఖము ఆ పుటలలో ఉన్నది. అది చదివిన మేరీ తన కర్తవ్యమును గుర్తెరిగారు. 1919లో ఎం.డి. పట్టము పూర్తిచేసి, 1920లో ఓడయెక్కి గుంటూరు చేరి, డచ్చి దేశపు సోదరీమణులు నడుపు యేసు మరియ యోసేపు సభలో చేరారు.

అయితే కన్యాస్త్రీలు వైద్యవృత్తి చేయుటకు, ముఖ్యముగా కాన్పులు చేయుటకు, నాటి సభానియమములు అంగీకరింపవు. మఠమా, వైద్యమా యను సంకటము ఎదురైనది. రోము నుండి లభించిన ప్రత్యేకానుమతి ఆ రెండింటినీ ఒకటి చేసినది. వైద్యురాలైన కన్యాస్త్రీగా ఆమె కొత్త బాట వేశారు. ఈ నిషేధమును తిరుసభ 1936లో అందరికీ సడలించినది.

గుంటూరులో చిన్న మందుల గదిగా మొదలైన సేవ సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగినది. చాలకాలము ఆమె ఒక్కరే డాక్టరు. స్థానిక యువతులకు మందులు కలుపుట, కాన్పు చేయుట, రోగులకు పరిచర్య చేయుట నేర్పి, సేవాభారమును పంచుకొను చేతులను తయారుచేశారు. దేశమందలి కతోలిక వైద్యసంస్థలను ఏకము చేయ దలచి 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించారు. కతోలిక వైద్య కళాశాల వెలయవలెనని కలలు గన్నారు. అది ఫలించుట చూడకయే, వ్యాధి బాధను సహించి, 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. 1963లో ఆ నగరముననే సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ప్రారంభమైనది. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించినది.

మెక్లారెన్‌ను మేరీ ఎన్నడును చూచియుండలేదు. ఆమెను కదిలించినవి కొన్ని పుటలు మాత్రమే. గతించిన సోదరీమణుల చరిత్రలను మన పిల్లలచే చదివించుటలోని ప్రయోజనమిదియే. చదివిన వారిలో ఏ ఒక్కరు కదిలినను, ఆ పుటలు సార్థకమైనట్లే.