బ్రెజిల్ చిత్రకారుడు పోర్తినారి

ఒక దేశపు కళ పరదేశాలలో ఆదరణ పొందడం వేరు. ఆ ఆదరణ కళాకారునికి దక్కడం వేరు. ఈ రెంటి మధ్య గల అంతరాన్ని బ్రెజిల్ చిత్రకారుడు కాందిదో పోర్తినారి జీవితం విశదపరుస్తుంది.

పోర్తినారి 1903 డిసెంబరు 29వ తేదీన సావో పాలో రాష్ట్రంలోని బ్రొడోస్కి గ్రామ సమీపాన ఒక కాఫీతోటలో జన్మించినాడు. తల్లిదండ్రులు ఇటలీ నుండి బ్రతుకుతెరువుకై వలస వచ్చిన శ్రమజీవులు. ప్రాథమిక పాఠశాలతోనే ఆయన చదువు ముగిసినది. పదునైదవ యేట రియో డి జనేరో చేరి లలితకళాశాలలో చిత్రలేఖనం అభ్యసించినాడు. 1928లో లభించిన విదేశయాత్రా బహుమానంతో యూరపు వెళ్లి, కొంతకాలం పారిస్‌లో నివసించినాడు. అక్కడి కళాఖండాలను చూచిన కొలదీ స్వగ్రామపు మట్టి, ఆ మట్టిలో శ్రమించే జనం ఆయనకు జ్ఞప్తికి రాసాగినారు. 1931లో తిరిగి వచ్చి ఆ జనాన్నే చిత్రించినాడు.

ఆయన చిత్రాలలోని కూలీల చేతులు, పాదాలు దేహపరిమాణానికి మించి పెద్దవిగా ఉంటవి. అది శ్రమకు ఆయన సమర్పించిన గౌరవం. 'కాఫీ' అనే చిత్రం 1935లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ అంతర్జాతీయ ప్రదర్శనలో గౌరవ ప్రశంస పొందినది. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో బ్రెజిల్ మందిరాన్ని ఆయన చిత్రఫలకాలు అలంకరించినవి. మరుసటి యేడు ఆ నగరపు ఆధునిక కళా మ్యూజియం ఆయన చిత్రాలను ప్రత్యేకంగా ప్రదర్శించినది. 1941లో వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయపు గోడలపై చిత్రరచన ప్రారంభించినాడు. ఆ యుద్ధకాలంలో దక్షిణ అమెరికా దేశాల మైత్రి అమెరికా ప్రభుత్వానికి అవసరమైనది. కనుక ఈ స్వాగతంలో కళాభిమానంతోపాటు రాజనీతి కూడ కలదు.

కాలం మారినది, స్వాగతమూ మారినది. 1945లో పోర్తినారి కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థిగా ఎన్నికలలో పోటీ చేసినాడు. తరువాత ఐక్యరాజ్యసమితికి బ్రెజిల్ ప్రభుత్వపు కానుకగా 'యుద్ధము', 'శాంతి' అనే రెండు మహాచిత్రాల కొరకు 1952 నుండి 1956 వరకు పాటుపడినాడు. ఒక్కొక్కటి సుమారు 14 మీటర్ల ఎత్తు. మొదటిదానిలో ఆయుధాలు లేవు. బిడ్డలను కోల్పోయిన తల్లులు కలరు. రెండవదానిలో ఆడిపాడే బాలబాలికలు కలరు. రంగులలోని సీసం దేహాన్ని విషపూరితం చేస్తున్నదని వైద్యులు హెచ్చరించినా ఆయన కుంచె విడువలేదు. 1957 సెప్టెంబరులో న్యూయార్కులో ఆ చిత్రాల ఆవిష్కరణ జరిగినది. రాజకీయ విశ్వాసాల కారణంగా చిత్రకారుడు మాత్రం ఆ ఉత్సవంలో పాల్గొనలేకపోయినాడు.

1962 ఫిబ్రవరి 6వ తేదీన ఆ రంగుల విషమే ఆయనను బలిగొన్నది. సమితి ప్రతినిధులు సభకు పోవునప్పుడు ఎదుట యుద్ధం, మరలి వచ్చునప్పుడు ఎదుట శాంతి కనిపించేటట్లు ఆ చిత్రాలు అమర్చబడినవి.